మార్పు గీత దగ్గర మనిషి

హార్ట్‌ఫెల్డేలో ఫోల్కర్ టీస్మయర్ ఎవరని అడిగితే రొట్టెల కొట్టు ముందు వరసలో నిలబడ్డ ముసలమ్మ కూడా ఠక్కున చెబుతుంది. ఎన్ని గోల్సు కొట్టాడని అడిగితే మాత్రం ముఖం పక్కకు తిప్పుకుని నవ్వుతుంది. పద్నాలుగేళ్లు జీతం తీసుకుని హ్యాండ్‌బాల్ ఆడిన మనిషి కొట్టిన గోల్సు రెండు చేతుల వేళ్లకు సరిపోతాయి. అందులో ఒకటి పొరపాటున మన గోలులోకే పోయిందని అతని జట్టువాడు బోయె లూర్స్ ప్రతి పెళ్లిలోనూ, ప్రతి పుట్టినరోజు విందులోనూ చెప్పి నవ్వించేవాడు. ఫోల్కర్ కూడా నవ్వేవాడు. అది అబద్ధమని ఎప్పుడూ అనలేదు, ఎందుకంటే నిజమే.

చేతకాక కాదు. అతని పని గోల్సు కొట్టడం కాదు, కొట్టనివ్వకపోవడం. జర్మనీలో వేజర్ నది ఒడ్డున ఉన్న మా ఊళ్లలో ఆదివారం చర్చికి వెళ్లకపోతే పాస్టరుగారు ఏమీ అనరు గానీ, శనివారం సాయంత్రం హ్యాండ్‌బాల్ హాలుకు వెళ్లకపోతే ఇరుగుపొరుగు ఊరుకోరు, ఒంట్లో బాగాలేదా అని ఇంటికొచ్చి మరీ అడుగుతారు. అలాంటి చోట కూడా జనం చూసేది బంతి విసిరేవాణ్నే. బంతికి అడ్డం నిలబడి దెబ్బలు తినేవాడి మీద ఎవరి కన్నూ నిలవదు. ఈ మాట వంటింటి అలమరాలు చేసే ఫ్యాక్టరీలో నలభై ఏళ్లు తలుపులు బిగించిన అతని తండ్రి హైన్‌ఫ్రీడ్ కూడా ఒప్పుకునేవాడు. కొడుకు ఆట చూడ్డానికి మెత్తని దిండు చంకలో పెట్టుకుని వచ్చి, ఎటాకు జరుగుతున్నంతసేపూ పక్కవాడితో బంగాళాదుంపల గురించి మాట్లాడేవాడు. బంతి పోగానే "ఆగండాగండి, ఇప్పుడు మావాడు వస్తాడు" అని కళ్లద్దాలు సవరించుకునేవాడు.

చిన్నప్పుడు ఫోల్కర్ వయసుకు మించిన పొడగరి, మొదట చూసినవాళ్లంతా గొప్ప షాట్లు కొడతాడనుకున్నారు. అతని చేతిలోంచి వెళ్లిన బంతి మాత్రం గోలుకు తప్ప అన్నిచోట్లకీ వెళ్లేది. చిన్నపిల్లల జట్టుకు నేర్పిన బ్రింక్‌మన్ అనే ఆవిడ ఒకరోజు అతన్ని పక్కకు పిలిచి, "ఇదిగో చూడు నాయనా, నీ చెయ్యి విసరడానికి పుట్టలేదు. ఆపడానికి పుట్టింది. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. కాకపోతే అమ్మాయిలు నీకేసి చూడరు, అది ఇప్పుడే చెబుతున్నా" అంది. ఆవిడ చెప్పినవన్నీ నిజమయ్యాయి, చివరిది తప్ప. గెజీనె అతనికేసి చూసింది, పెళ్లి కూడా చేసుకుంది. ఆమెకు హ్యాండ్‌బాల్ అంటే పడదు, ఊరు మొత్తంలో ఆ ఆట పడని ఒకే ఒక్క మనిషి. బహుశా అందుకే కుదిరిందేమో.

బోయె లూర్స్ సముద్రం ఒడ్డు నుంచి వచ్చాడు. సన్నగా, చురుగ్గా, నోటి నిండా మాటలతో ఉండేవాడు. ఎటాకులో అతనికి బంతి అందితే ఎదుటి జట్టువాళ్ల కళ్లు తిరిగేవి. డిఫెన్సులో మాత్రం ఉత్త జల్లెడ, ఎవరైనా దూరిపోవచ్చు. అప్పటి ముసలి కోచ్ చేతిలో ఇలా ఇద్దరు సగం మనుషులు పడ్డారు. ఆయన చేసింది చాలా తేలికైన పని, ఇద్దర్నీ కలిపి ఒకణ్ని చేశాడు. బంతి మన దగ్గరుంటే బోయె లోపల, ఫోల్కర్ బెంచీ మీద. బంతి పోగానే బోయె బెంచీ వైపు పరుగెత్తుతాడు, ఫోల్కర్ లోపలికి దూకుతాడు. ఈ ఆటలో మనిషిని మార్చడానికి ఈల అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. బెంచీ ముందు నేల మీద ఒక గీత ఉంటుంది. దాని మీదుగా ఒకడు బయటికి రావాలి, ఆ తరవాతే ఇంకొకడు లోపలికి వెళ్లాలి. ముందు వెళ్లాడా, కోర్టులో ఒకడు ఎక్కువైనట్టు. బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు హారన్ నొక్కుతారు, శిక్ష పడుతుంది.

ఆ గీత దగ్గర ఫోల్కర్, బోయె కలిసి పదకొండేళ్లు కాపురం చేశారు. వాళ్ల మధ్య సైగ లేదు, కేక లేదు. పరుగెత్తి వస్తున్న బోయె కుడి భుజం కొంచెం వాలగానే, వీడు వచ్చేసినట్టే అని ఫోల్కర్‌కు తెలిసిపోయేది. అతను అడుగు వేసేవాడు. నిజం చెప్పాలంటే రెప్పపాటు ముందే వేసేవాడు. బోయె కాలు గీత దాటడం, ఇతని కాలు గీత లోపల పడడం ఒకేసారి జరిగేవి. పదకొండేళ్లలో ఒక్కరూ పట్టుకోలేకపోయారు. ఆ రెప్పపాటులోనే ఫోల్కర్ తన చోటుకు చేరి చేతులు పైకెత్తేవాడు, ఎదుటివాడు విసిరిన బంతి వచ్చి ఆ చేతులకు తగిలేది. హాల్లో జనం గోలు కాసే గోలీకే చప్పట్లు కొట్టేవారు.

అతని ముక్కు మూడు దిక్కులకు వంగింది. వేళ్లు అల్లం కొమ్ముల్లా తయారయ్యాయి. "ఈ చేతులతో నన్ను ముట్టుకోకు, భయమేస్తుంది" అని గెజీనె ఎగతాళి చేసేది, ఆ తరవాత ఆ చేతులకే మందు రాసేది. కూతురు పుట్టినప్పుడు బాప్తిస్మానికి జ్ఞానతండ్రిగా బోయె నిలబడ్డాడు. రెండు కుటుంబాలు సెలవులకు కలిసే వెళ్లేవి. ఊళ్లో ఒకడి పేరు చెబితే రెండోవాడి పేరు దానంతటదే వచ్చేది. అయితే ఎవరూ ఆలోచించని సంగతి ఒకటుంది. అంత స్నేహితులు పదకొండేళ్లలో ఒక్క నిమిషం కూడా కలిసి ఆడలేదు. ఒకడు లోపలుంటే రెండోవాడు బయటే.

జట్టు రెండో లీగులో అడుగుకు జారిపోతుండగా జనవరిలో ముసలి కోచ్‌ను పంపించేసి ఓల్ట్‌మన్ అనే కొత్తాయనను తెచ్చారు. ఫోల్కర్ కంటే వయసులో చిన్నవాడు. మొదటిరోజే అందరినీ కూర్చోబెట్టి తెర మీద ఆట చూపించాడు. "చూడండి. మనం గోలు కొట్టాం. సంబరాలు చేసుకుంటున్నాం. బోయె బయటికి వస్తున్నాడు, ఫోల్కర్ లోపలికి వెళ్తున్నాడు. ఈలోగా వాళ్లు మధ్యలోంచి బంతి వేసేశారు. ఇదిగో, గోలు. ఇలా ఈ ఏడాది ఎన్ని తిన్నామో మీకు తెలుసా? ఇకనుంచి మార్పుల్లేవ్. లోపలున్నవాడు రెండు వైపులా ఆడాలి."

అతను చెప్పింది తప్పయితే తిట్టుకుని ఊరుకునేవాళ్లం. తప్పు కాదు, అదే ఏడుపు. ఆట వేగం పెరిగిపోయింది. అన్ని జట్లూ అప్పటికే సగం మనుషుల్ని వదిలించుకున్నాయి. మా ఊరే ఆలస్యంగా మేలుకుంది.

ఆ తరవాత ఓల్ట్‌మన్ ఇద్దర్నీ తన గదికి పిలిచాడు. "మీ ఇద్దరి ఒప్పందాలూ జూన్‌తో అయిపోతాయి. దాచిపెట్టి ఏం లాభం, ఒక్కరికే చోటుంది. రెండు వైపులా ఆడగలిగినవాళ్లకి ఇస్తాను. మే దాకా టైముంది. చూపించండి."

బయటికి వచ్చాక బోయె, "ఏంట్రా ఇది, అందాల పోటీయా?" అన్నాడు.

"అయితే నువ్వే గెలుస్తావ్. నా ముక్కు చూశావుగా."

నవ్వుకున్నారు గానీ ఫోల్కర్ ఇంటికి వెళ్లి ఏళ్లు లెక్కపెట్టుకున్నాడు. అతనికి ముప్పై నాలుగేళ్లు. కావాలనుకున్నది ఇంకొక్క ఏడాది, అంతే. దేశం జట్టూ అక్కర్లేదు, పెద్ద ఊరూ అక్కర్లేదు. ఇంకొక్క ఏడాది శనివారాలు ఆ గీత దగ్గర నిలబడి, బంతి పోగానే లోపలికి వెళ్లి చేతులెత్తాలి. అది లేకపోతే తను ఎవరో అతనికి తెలియదు. వేరే ఊరి జట్టు అతన్ని తీసుకోదు, బోయె లేని ఫోల్కర్ ఎవరికి కావాలి? మిగిలింది తండ్రి పనిచేసిన ఫ్యాక్టరీ. జట్టు చొక్కాల మీద పేరున్నది వాళ్లదే కాబట్టి ఆట మానేసిన ప్రతివాడికీ అక్కడ తలుపులు బిగించే పని సిద్ధంగా ఉంటుంది. ఊళ్లో అది అదృష్టమంటారు. ఆ ఫ్యాక్టరీ పక్కనుంచి బండిలో వెళ్లేటప్పుడు ఫోల్కర్ అటు చూసేవాడు కాదు.

మొదటిసారి ఇద్దర్నీ ఒకేసారి కోర్టులో దింపిన రోజు హాల్లో ఉన్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫోల్కర్ ఎదుటి గోలు ముందు గీత మీద నిలబడి బోయె నుంచి బంతి అందుకుని గోలు కొట్టాలి. బోయె వేసిన బంతి వెళ్లి గోడకు తగిలింది.

"అటెందుకు వేశావురా?" అన్నాడు ఫోల్కర్.

"నువ్వక్కడికి వస్తావనుకున్నా."

"నేనెప్పుడన్నా అటు వెళ్లానా?"

"నువ్వెటు వెళ్తావో నాకేం తెలుసురా! నువ్వు ఆడేటప్పుడు నేను బెంచీ మీద నీళ్లు తాగుతుంటాను!"

జట్టంతా కడుపు పట్టుకుని నవ్వింది. మళ్లీ వేశాడు, మళ్లీ పోయింది. మూడోసారి ఫోల్కర్ భుజానికి తగిలి కింద పడింది. ఓల్ట్‌మన్ నవ్వలేదు. పదకొండేళ్లు బెంచీ మీద కూర్చుని బోయె ఆటను కళ్లప్పగించి చూసినవాడు ఫోల్కర్. వాడు ఎటు తిరుగుతాడో, ఎప్పుడు ఎగురుతాడో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. తీరా ఎదురుగా నిలబడితే వాడి కళ్లు ఏం చెబుతున్నాయో తెలియలేదు. పక్కనుంచి చూసిన మనిషి వేరు, ఎదురుగా ఉన్న మనిషి వేరు.

అప్పుడు బోయె ఒక మాట అన్నాడు. "ఒక పని చేద్దాంరా. సాధన అయ్యాక ఆగుదాం. నాకు మధ్యలో ఎలా నిలబడాలో నువ్వు నేర్పు. నీకు గోలు ముందు ఎలా తిరగాలో నేను నేర్పుతా. ఎవడికి వస్తే వాడిది."

ఫోల్కర్ సరే అన్నాడు. ఇంట్లో చెబితే గెజీనె చేతిలో గిన్నె అక్కడే పెట్టేసింది.

"నీకేమన్నా మతిపోయిందా? నీ చోటు వాడికి నువ్వే నేర్పుతావా?"

"వాడూ నాకు నేర్పుతాడుగా."

"వాడు నేర్చుకుంటాడు ఫోల్కర్. నువ్వు నేర్చుకోవు. నాకు ఆట తెలీదు, కానీ నువ్వు తెలుసు."

"అడిగాడు. లేదని ఎలా చెప్పను?"

"నోటితో చెప్తారు," అంది గెజీనె.

ఆమె అన్నట్టే అయింది. ఫోల్కర్ నేర్పడంలో ఏమీ దాచుకోలేదు, అది అతనికి చేతకాదు. కాళ్లు ఎంత ఎడంగా పెట్టాలో, ఎదుటివాడి చెయ్యి చూడకుండా నడుము ఎందుకు చూడాలో, రిఫరీ కంటపడకుండా చొక్కా ఎక్కడ పట్టుకోవాలో, అన్నీ చెప్పాడు. "అన్నిటికంటే ముఖ్యం ఒకటి. బంతి పోగానే నువ్వు బెంచీ వైపు పరుగెత్తుతావు చూడు, ఆ పాడు అలవాటు మానుకో. ఆగు, వెనక్కి తిరుగు. నీ వెనక ఎవడు పరుగెత్తుతున్నాడో చూడు. డిఫెన్సంటే ముందు అదే." బోయెకు అది ఒక పట్టాన రాలేదు. కాళ్లు వాటంతటవే బెంచీ వైపు పోయేవి. ఫోల్కర్ గట్టిగా కేకేసేవాడు, "తిరుగు!" అని. చలికాలం పోయి చెట్లు చిగురించేసరికి బోయె కేక లేకుండానే తిరగడం మొదలుపెట్టాడు. ఫోల్కర్ సంతోషపడ్డాడు కూడా. ఇలాంటి మనిషికి ఏం చెప్పగలం?

ఫోల్కర్‌కు మాత్రం ఎటాకు అబ్బలేదు. బంతి అందేది, తిరిగేవాడు, విసిరేవాడు, గోలీ ఛాతీకి సరిగ్గా తగిలేది. గోలీ "థాంక్స్ ఫోల్కర్" అని చేతులు జోడించేవాడు. ఏప్రిల్ అంతా బోయె రెండు వైపులా ఆడాడు, గొప్పగా కాకపోయినా పరవాలేదనిపించాడు. ఫోల్కర్ బెంచీ మీదే కూర్చున్నాడు. హైన్‌ఫ్రీడ్ దిండు మీద అటూ ఇటూ కదిలి, బంతి పోయిన ప్రతిసారీ "ఇప్పుడు..." అని మొదలుపెట్టి మిగతాది మింగేసేవాడు.

మే నెలలో మా హాల్లో ఒక ఆట జరిగింది. గెలిస్తే లీగులో ఉంటాం, లేకపోతే దాదాపు పోయినట్టే. ఆఖరి నిమిషంలో మేం ఒక గోలు ముందున్నాం, బంతి మా దగ్గరే ఉంది. బోయెకు ఊపిరి అందడం లేదు. అప్పుడు ఓల్ట్‌మన్ బెంచీ మీదికి వంగి, "ఫోల్కర్, లే. బోయె అయిపోయాడు. బంతి పోగానే వాడు బయటికి, నువ్వు లోపలికి. పాత పద్ధతిలో. ఈ ఒక్క డిఫెన్సు నిలబెట్టు, తరవాత నీ సంగతి మాట్లాడుకుందాం" అన్నాడు.

నాలుగు నెలలుగా ఫోల్కర్ విందామనుకున్న మాట అదొక్కటే. అతను గీత దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కోర్టులోంచి బోయె ఇటు చూసి తలూపాడు. జనం కూడా చూశారు. పాత జోడీ మళ్లీ కనబడేసరికి హాలంతా కాళ్లతో నేలను తన్నడం మొదలుపెట్టింది.

మావాడు విసిరిన బంతిని వాళ్ల గోలీ ఆపేసి దూరంగా విసిరాడు. బోయె బెంచీ వైపు పరుగెత్తాడు. దగ్గరికొచ్చాడు. కుడి భుజం వాలింది. ఫోల్కర్ అడుగు వేశాడు, ఎప్పుడూ వేసినట్టే, ఆ రెప్పపాటు ముందే.

భుజం వాలింది బయటికి రావడానికి కాదు. గీతకు ఒక అడుగు లోపలే బోయె ఆగి, వెనక్కి తిరిగాడు. తన వెనక ఎదుటి జట్టువాడు ఒకడు ఒంటరిగా గోలు వైపు పరుగెత్తుతుండడం చూసి వాడి వెంటపడ్డాడు. అప్పటికే ఫోల్కర్ కోర్టులో నాలుగు అడుగులు వేశాడు. గోలీతో కలిపి ఏడుగురుండాల్సిన చోట ఎనిమిదిమంది ఉన్నారు.

బల్ల దగ్గర హారన్ మోగింది. హాల్లో కాళ్ల చప్పుడు ఆగిపోయింది. రిఫరీ వేలు ఫోల్కర్‌ను చూపించింది. అతనికి రెండు నిమిషాల శిక్ష పడింది, గోలు కొట్టబోతున్నవాణ్ని హారన్ ఆపేసింది కాబట్టి వాళ్లకు ఏడు మీటర్ల నుంచి ఎవరూ అడ్డం లేని షాట్ ఇచ్చారు. అది లోపలికి వెళ్లింది. ఆట సమానమైంది, సమానం మాకు చాలదు. తరవాతి వారం పరాయి ఊళ్లో ఓడిపోయి మూడో లీగుకు జారిపోయాం.

సోమవారం ఓల్ట్‌మన్ ఆ ముక్క తెర మీద వేశాడు. బోయె గీత లోపల ఉన్నాడు, ఫోల్కర్ కోర్టులో ఉన్నాడు. దాన్ని ఆపి, "ఇదెలా జరిగింది?" అని అడిగాడు.

ఫోల్కర్ బోయె వైపు చూడలేదు. చూడకుండా ఎదురుచూశాడు. ఒక్క మాట చాలు. నేనే ముందు బయటికి రాబోయి తిరిగాను, పదకొండేళ్లుగా మా పద్ధతి ఇదే, నన్ను నమ్మి వచ్చాడు అని బోయె అంటే చాలు. గదిలో అందరూ ఆ మాట కోసమే చూశారు.

"నేను గీత దాటలేదు," అన్నాడు బోయె. "అక్కడ కనబడుతూనే ఉందిగా."

అది నిజమే, అందులో వంక పెట్టడానికేమీ లేదు. ఓల్ట్‌మన్ ఫోల్కర్ వైపు తిరిగి, "నువ్వేమంటావ్?" అన్నాడు.

"తప్పు నాదే. ముందు అడుగేశాను," అన్నాడు ఫోల్కర్.

ఆ వారంలోనే అతనికి చెప్పేశారు. మర్యాదగానే చెప్పారు, కాఫీ ఇచ్చి మరీ చెప్పారు.

శుక్రవారం మధ్యాహ్నం బోయె వాళ్ల ఇంటికి వచ్చాడు. గెజీనె పెరట్లో బల్ల దగ్గర కూర్చుని ఆస్పరాగస్ అనే కూరకాడలకు తోలు తీస్తోంది. ఫోల్కర్ పక్కన కూర్చుని కాడల్ని కట్టలు కడుతున్నాడు. ఎప్పుడూ తలుపు కొట్టకుండా వచ్చేవాడు ఆరోజు కంచె దగ్గరే నిలబడ్డాడు.

"నాకు రెండేళ్లకి ఇస్తున్నారు," అన్నాడు.

"మంచిది," అన్నాడు ఫోల్కర్.

"నీకు ముందు నేనే చెబుదామని."

"చెప్పావుగా."

"ఏదో ఒకటి అనరా బాబూ. పోనీ తిట్టు."

గెజీనె తల ఎత్తకుండా, "తిట్టించుకుని తేలికపడి పోదామని వచ్చావా? మా ఇంట్లో ఆ సదుపాయం లేదు. ఇంకెక్కడన్నా చూసుకో" అంది. కత్తి కాడ మీద చరచరా నడిచింది.

బోయె ముఖం ఎర్రబడింది. "నా పిల్లలు ఇక్కడ బడిలో చదువుతున్నారు గెజీనె. ఇప్పుడు నన్నెవరు తీసుకుంటారు?"

"మా పిల్ల చంద్రమండలంలో చదువుతోందా?"

ఫోల్కర్ చెయ్యి ఎత్తి ఆమెను ఆపాడు. అతనికి అడగాలనిపించింది ఒకటే, అదే అడిగాడు. "ఆ మాట వదిలెయ్. ఎందుకు తిరిగావురా? నేనున్నానని తెలుసుగా. నన్ను చూసి తలూపావు కూడా."

బోయె చిన్న గొంతుతో, "నాకు తెలీకుండానే తిరిగాను. నువ్వే కదరా నేర్పావు" అన్నాడు.

పెరట్లో కత్తి చప్పుడు ఆగింది. ఫోల్కర్ చేతిలో కట్టను బల్ల మీద పెట్టి, దాన్ని సరిచేసి, మళ్లీ సరిచేశాడు. అతనికి కోపం వచ్చి ఉంటే బాగుండేది. ఎవరి మీద రావాలో దానికే తెలియలేదు. "ఎండగా ఉంది, ఇంటికెళ్లు" అన్నాడు చివరికి.

సీజనులో ఆఖరి ఆట మా హాల్లోనే. కిందికి పోవడం ముందే ఖాయమైపోయింది, వచ్చిన జట్టుకూ పోయేదేమీ లేదు, వచ్చేదేమీ లేదు. అయినా హాలు నిండింది, ఫోల్కర్ కోసం. ఆటకు ముందు అతన్ని మధ్యలో నిలబెట్టి పూలగుత్తి ఇచ్చారు, అతని చొక్కాకు అద్దం కట్టించి ఇచ్చారు. ఫ్యాక్టరీ యజమాని మైకు అందుకుని, "ఫోల్కర్ మనల్ని వదిలి ఎక్కడికీ పోవడం లేదు. ఆగస్టు నుంచి మన ఫ్యాక్టరీలోనే ఉంటాడు. ఇన్నాళ్లూ గోలుకు తలుపు వేశాడు, ఇకమీదట మీ వంటింటికి వేస్తాడు!" అన్నాడు. జనం పగలబడి నవ్వి చప్పట్లు కొట్టారు. హైన్‌ఫ్రీడ్ కూడా కొట్టాడు. కొడుతూనే తల వంచుకుని దిండు దులుపుకున్నాడు.

ఫోల్కర్ ఓల్ట్‌మన్‌ను ఒకటే అడిగాడు. "ఆఖర్లో కొంచెంసేపు డిఫెన్సులో నిలబెట్టు. ఒక్క ఎటాకు ఆపి వెళ్లిపోతా. ఇంకేం వద్దు."

"అదెంత పని," అన్నాడు ఓల్ట్‌మన్ భుజం తట్టి. "నీ కోసం ఇంకా మంచిది అనుకున్నాంలే."

ఆట ముగియబోతుండగా అతన్ని పిలిచారు. ఫోల్కర్ లేచి చూస్తే బంతి మావాళ్ల దగ్గరే ఉంది.

"ఇప్పుడా? ఇది ఎటాకు కదా."

"వెళ్లు, వెళ్లు. అందరూ నీకోసమే చూస్తున్నారు."

అతను వెళ్లి ఎదుటి గోలు ముందు నిలబడ్డాడు. బోయె బంతితో వస్తున్నాడు. ఇద్దరూ లోపలే ఉన్నారు. బోయె అతనికేసి చూసి, బంతిని మెల్లగా, పసిపిల్లకు అందించినట్టు, నేరుగా చేతుల్లోకి వేశాడు. ఫోల్కర్ తిరిగాడు. తన వీపు మీద పడాల్సిన చేతులు పడలేదు. చొక్కా పట్టుకోవాల్సినవాళ్లు చేతులు కిందికి దించి నిలబడ్డారు. ఇద్దరు డిఫెండర్లు చెరో పక్కకు జరిగి దారి ఇచ్చారు. గోలీ నవ్వుతూ ఒక మూలకు వెళ్లి, రెండో మూల మొత్తం వదిలేశాడు. వాళ్లతో ముందే మాట్లాడి పెట్టారని అప్పుడు అర్థమైంది.

పద్నాలుగేళ్లలో ఒక్కణ్నీ ఊరికే పోనివ్వలేదు అతను. స్నేహితులైనా, ఓడిపోయిన ఆటలోనైనా, ఆఖరి సెకనులోనైనా పోనివ్వలేదు. అదొక్కటే అతని గొప్ప. ఇప్పుడు అతన్ని అందరూ కలిసి ఊరికే పోనిస్తున్నారు, ప్రేమతో. విసరకుండా ఉంటే బాగుండదు, వేలమంది ముఖాలు వాడిపోతాయి. విసిరాడు. బంతి ఖాళీ మూలలో పడింది.

హాలు పైకప్పు ఎగిరిపోయేలా అరిచింది. ఫోల్కర్ ఆగలేదు. వెనక్కి తిరిగి పరుగెత్తాడు, తన గోలు వైపు, మధ్యలో తన చోటుకు. అక్కడ నిలబడి చేతులు పైకెత్తాడు. ఇక వాళ్లు వస్తారు. వస్తే చాలు.

బోయె పక్కకు వచ్చాడు. "ఫోల్కర్, నిన్ను బయటికి పిలుస్తున్నారు."

"ఒక్క బంతిరా. ఒక్కటి ఆడనివ్వు."

"అందరూ లేచి నిలబడ్డార్రా, చూడు. మీ నాన్న కూడా లేచాడు. వెళ్లు."

బెంచీ దగ్గర ఓల్ట్‌మన్ రెండు చేతులూ ఊపుతున్నాడు. మైకులో అతని పేరు మోగుతోంది. ఫోల్కర్ చేతులు దించి నడిచాడు. అతని బదులు లోపలికి వెళ్లాల్సినవాడు గీత అవతల ఆగి, అతను పూర్తిగా బయటికి వచ్చేదాకా కదలకుండా నిలబడ్డాడు.

వెనక ఈల వినిపించింది, ఆట మళ్లీ మొదలైంది. జట్టువాళ్లు అతన్ని కావలించుకుంటున్నారు, జనం అతనికేసే చూస్తూ చప్పట్లు కొడుతున్నారు, ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. వాళ్ల భుజాల మీదుగా ఫోల్కర్ కోర్టులోకి చూశాడు. మధ్యలో బోయె నిలబడి ఉన్నాడు, కాళ్లు తగినంత ఎడంగా, కళ్లు ఎదుటివాడి నడుము మీద. ఆ ఎదుటివాడు ఎగిరి గట్టిగా విసిరాడు. బోయె చేతులు పైకి లేచాయి, బంతి వాటికి తగిలి పక్కకు పోయింది. చాలా మంచి అడ్డు. అంత పెద్ద హాల్లో దాన్ని చూసినవాడు ఫోల్కర్ ఒక్కడే.